లేజర్ వెలుగు ఉపరితలం మీద పడి తిరిగొస్తే: సిమ్యులేషన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఎంటెక్ చదివే పిల్లలు ప్రాజెక్టుల కాలం రాగానే మా ల్యాబ్ తలుపు తడతారు. చంకలో ల్యాప్‌టాప్, మొహం నిండా టెన్షన్. "లేజర్ వెళ్లి ఒక ప్లేటు మీద పడాలి, తిరిగి రావాలి, అంతే మేడమ్. సాఫ్ట్‌వేర్‌లో చూపిస్తే చాలు" అంటారు. ఆ "అంతే" వెనక చాలా ఉంది. ఒకే మాట పదిమందికి పదిసార్లు చెప్పేకన్నా రాసి పెడితే అందరికీ పనికొస్తుందని ఈ పేజీ మొదలుపెట్టాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ఎందుకంటే పిల్లలు వారాల తరబడి ఇరుక్కునేది అక్కడే.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి మేడమ్?

అందరూ మొదట అడిగేది ఇదే. నేను ఎదురు అడిగేది కూడా ఒకటే: "ఏ ఉపరితలం?" గాజా, లోహమా, రంగు వేసిన చెక్కా? నున్నగా ఉందా, గరుగ్గా ఉందా? గరుగ్గా ఉంటే ఎంత? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం, జబ్బేంటో తెలియకుండా మందుల షాపుకి వెళ్లడం లాంటిది.

ఉపరితలం బాగా నున్నగా ఉన్నా, లేదా దాని మీది ఎత్తుపల్లాలు కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చాలా పెద్దవిగా ఉన్నా, కాంతిని కిరణాలుగా చూస్తే సరిపోతుంది. దానికి జీమ్యాక్స్ ఆప్టిక్‌స్టూడియో, ట్రేస్‌ప్రో, ఫ్రెడ్, లైట్‌టూల్స్ లాంటివి ఉన్నాయి. కామ్‌సాల్‌లో రే ఆప్టిక్స్ మాడ్యూల్ ఉంది.

గాజు మీద పూత, దాని మీద ఇంకో పూత, అన్నీ చదునుగా ఉన్నాయంటే ట్రాన్స్‌ఫర్ మ్యాట్రిక్స్ పద్ధతి చాలు, అంటే ఒక్కో పొరకు ఒక మాత్రిక రాసి అన్నింటినీ గుణించడం. పైథాన్‌లో యాభై లైన్లలో అయిపోతుంది. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ తెరవడం దండగ.

ఉపరితలం మీది గీతలు, గుంటలు తరంగదైర్ఘ్యంతో సమానమైన కొలతలో ఉంటే మాత్రం కాంతిని విద్యుదయస్కాంత తరంగంగా వర్ణించే మాక్స్‌వెల్ సమీకరణాలను సూటిగా సాధించాలి. లూమెరికల్, మీప్ అనే ప్రోగ్రాములు వాడేది ఎఫ్‌డీటీడీ పద్ధతి, అంటే స్థలాన్ని చిన్న గడులుగా, కాలాన్ని చిన్న అడుగులుగా కోసి లెక్కించడం. దాని గ్రిడ్‌ని కేన్ యీ 1966లో ఇచ్చాడు, ఇప్పటికీ అదే వాడుతున్నాం. కామ్‌సాల్ వేవ్ ఆప్టిక్స్ మాడ్యూల్‌ది ఫైనైట్ ఎలిమెంట్ దారి, అంటే వస్తువును చిన్న ముక్కల వలగా విడదీసి లెక్కించడం.

గరుకుదనం ఎంతుంటే "గరుకు" అనాలి?

చేత్తో తడిమి చెప్పేది కాదిది. మన వేలికి నున్నగా తగిలేది లేజర్‌కి కొండలూ లోయలూ కావచ్చు.

హీలియం నియాన్ లేజర్ తీసుకుందాం, తరంగదైర్ఘ్యం 632.8 నానోమీటర్లు. సగటు తలం నుంచి ఎత్తుపల్లాల వర్గమధ్యమ మూలాన్ని, అంటే ఆర్‌ఎంఎస్ గరుకుదనాన్ని, 4 పై తో గుణించి, పతన కోణం (ఉపరితలానికి లంబంగా గీసిన గీతతో కిరణం చేసే కోణం) కొసైన్‌తో గుణించి, తరంగదైర్ఘ్యంతో భాగించండి. వచ్చినదాన్ని వర్గం చేయండి. అది చిన్న సంఖ్య అయితే, పరావర్తనం చెందిన కాంతిలో దాదాపు అంత భాగం చెల్లాచెదురవుతుంది. పెద్దదైతే ఘాతీయ ఫార్ములా వాడాలి: e (2.718) కి ఆ సంఖ్యను రుణ ఘాతంగా వేసి, వచ్చిన విలువను 1 లోంచి తీసేయాలి.

లంబంగా పడే కాంతికి లెక్క వేసి చూడండి. గరుకుదనం 5 నానోమీటర్లయితే ఒక శాతం చెదురుతుంది. 50 నానోమీటర్లయితే దాదాపు 63 శాతం. పది రెట్లు గరుకు పెరిగితే అద్దం కాస్తా మసకబారిపోయింది. ఇప్పుడు బాలానగర్‌లో గ్రైండింగ్ చేయించుకొచ్చిన ముక్క డ్రాయింగ్ చూడండి. అందులో 0.8 మైక్రోమీటర్లు అని రాసి ఉంటే అది 800 నానోమీటర్లు, అంటే లేజర్ తరంగదైర్ఘ్యం కన్నా ఎక్కువ. ఆ ముక్కకు సాఫ్ట్‌వేర్‌లో "మిర్రర్" అని ఇచ్చి రిపోర్టు రాసేవాళ్లని ప్రతి ఏడాదీ చూస్తుంటాను. ఇంకో జాగ్రత్త: వర్క్‌షాపు వాళ్లు ఇచ్చే "ఆర్ఏ" విలువ (ఎత్తుపల్లాల మామూలు సగటు), ఫార్ములా అడిగే ఆర్‌ఎంఎస్ విలువ ఒకటి కావు. ఆర్‌ఎంఎస్ కాస్త ఎక్కువుంటుంది.

కోణం సంగతి అందరూ మర్చిపోతారు. అదే 50 నానోమీటర్ల ఉపరితలం మీద లేజర్‌ని 80 డిగ్రీల పతన కోణంతో, అంటే దాదాపు రాసుకుంటూ వెళ్లేలా వేయండి. చెదిరేది 63 నుంచి 3 శాతానికి పడిపోతుంది. గరుకు ఉపరితలమే అద్దమైపోయింది. నమ్మకం కుదరకపోతే నోటుబుక్కు అట్టను కంటి దగ్గర పెట్టుకుని అంచు వెంబడి ట్యూబులైటు వైపు చూడండి. మామూలుగా ఏమీ కనిపించని అట్టలో ట్యూబులైటు బొమ్మ కనిపిస్తుంది.

ఎత్తుపల్లాల ఎత్తు ఒక్కటి తెలిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఎంత కాంతి చెదురుతుందో ఎత్తు చెబుతుంది. ఏ కోణంలోకి చెదురుతుందో చెప్పాలంటే ఆ ఎత్తుపల్లాలు ఎంత దూరానికి ఒకసారి వస్తున్నాయో తెలియాలి. పెద్ద గరుకులో వాలు ముఖ్యం: చిన్న ముక్క వాలు ఒక డిగ్రీ మారితే దాని మీంచి వచ్చే కిరణం రెండు డిగ్రీలు తిరుగుతుంది. దగ్గర్లో ప్రొఫైలోమీటర్ (ఉపరితలం ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) ఉన్న ల్యాబ్ ఉంటే ఒక పూట వెళ్లి కొలిపించుకోండి. ఆ ఒక్క పూట మీ ప్రాజెక్టులో ఒక నెల మిగులుస్తుంది.

సాఫ్ట్‌వేర్ తెరవగానే మొట్టమొదట ఏం చేయాలి?

మీ ప్రాజెక్టు మోడల్ మాత్రం కాదు. కాగితం మీద జవాబు తెలిసిన లెక్క ఒకటి చేయండి. గాలిలోంచి గాజు మీద లంబంగా పడే కాంతి ఎంత వెనక్కి వస్తుంది? రెండు వక్రీభవన గుణకాల తేడాను మొత్తంతో భాగించి వర్గం చేస్తే చాలు. గాజు 1.5 అనుకుంటే 0.5 ని 2.5 తో భాగించి వర్గం చేయాలి, 4 శాతం వస్తుంది. నీరు 1.33, కాబట్టి 2 శాతం. వజ్రం 2.42 దగ్గర ఉంటుంది, కాబట్టి 17 శాతం పైన. గోల్కొండ వజ్రాల మెరుపు గురించి కథలు విన్న ఊరు మనది. ఆ మెరుపులో మొదటి వాటా ఈ 17 శాతానిదే. గాజు కన్నా నాలుగు రెట్లు.

మీ సాఫ్ట్‌వేర్ ఈ మూడు అంకెలూ చూపిస్తే ముందుకు వెళ్లండి. గాజుకు 4 రాకుండా 0 వచ్చినా, 8 వచ్చినా అక్కడే ఆగండి. ఏదో సెట్టింగ్ తప్పుంది.

ఆప్టిక్‌స్టూడియోలో గాజు పెట్టాను. వెనక్కి ఒక్క కిరణం కూడా రావట్లేదు. ఎందుకు?

నాన్ సీక్వెన్షియల్ మోడ్‌లో (కిరణం వస్తువులను ఏ క్రమంలోనైనా తాకగల పద్ధతి) రే ట్రేస్ విండో తెరిచి చూడండి. అక్కడ ధ్రువణం (కాంతి తరంగం కంపించే దిశ) వాడాలా, కిరణాలను చీల్చాలా, చెదరగొట్టాలా అని మూడు టిక్ పెట్టెలుంటాయి. చీల్చడానికి టిక్ పెట్టకపోతే గాజు దగ్గర కిరణం మొత్తం లోపలికే పోతుంది. చీల్చాలంటే ధ్రువణం టిక్ కూడా ఉండాలి. ఇలాగే, ఉపరితలానికి స్కాటర్ మోడల్ (కాంతి ఎలా చెదురుతుందో చెప్పేది) ఇచ్చి మూడో టిక్ మర్చిపోతే గరుకు ప్లేటు అద్దంలా ప్రవర్తిస్తుంది. మా ల్యాబ్‌లో ఎక్కువసార్లు దొరికే పొరపాటు ఇదే, అందుకే ఆ కంప్యూటర్ పక్కన గోడ మీద కాగితం అంటించాను.

4 శాతం బాగానే వచ్చింది. తర్వాత ఏ పరీక్ష చేయాలి?

ఇంట్లో బాత్రూం అద్దం. నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది, కాస్త వివరంగా చెబుతాను.

మామూలు అద్దంలో వెండి పూత గాజు వెనక ఉంటుంది. లైటు ఆపేసి, లేజర్ పాయింటర్‌ని 45 డిగ్రీల కోణంలో వేసి, ఎదుటి గోడ మీద చూడండి. ఒక చుక్క కాదు, వరసగా చుక్కలు కనిపిస్తాయి. మొదటిది చిన్నగా, రెండోది కళ్లు చెదిరేలా, మూడోది మళ్లీ చిన్నగా, తర్వాతివి మినుకుమినుకుమంటూ. మొదటి చుక్క గాజు ముందు తలం నుంచి వచ్చింది. రెండోది లోపలికి వెళ్లి వెండిని తాకి బయటికి వచ్చింది. మూడోది బయటికి రాబోతూ ముందు తలం దగ్గర వెనక్కి మళ్లి, ఇంకోసారి వెండిని చూసి వచ్చింది.

ఇప్పుడు లెక్క. గాజు గుణకం 1.5, మందం 4 మిల్లీమీటర్లు. 45 డిగ్రీలతో పడిన కిరణం గాజులో 28 డిగ్రీల దగ్గరికి వంగుతుంది. పక్కపక్క కిరణాల మధ్య దూరం: రెండింతల మందం, గాజులోని కోణం టాంజెంట్, బయటి కోణం కొసైన్, ఈ మూడింటి లబ్ధం. దాదాపు 3 మిల్లీమీటర్లు వస్తుంది. వెండి 95 శాతం పరావర్తనం చేస్తుందని, ధ్రువణాన్ని సగటు చేశామని అనుకుంటే మొదటి చుక్కకు 5 శాతం, రెండోదానికి 86 శాతం, మూడోదానికి 4 శాతం.

ఇదే సాఫ్ట్‌వేర్‌లో కట్టండి. ఒక గాజు పలక, వెనక తలానికి 95 శాతం పూత, ఎదురుగా డిటెక్టర్. చుక్కలు 3 మిల్లీమీటర్ల దూరంలో, ఆ శాతాలతో వస్తే మీరు చీల్చడం, పూత ఇవ్వడం, డిటెక్టర్ చదవడం మూడూ నేర్చేసుకున్నట్టే. పోయిన ఏడాది ఒక అమ్మాయి ఇంట్లో అద్దం మీద స్కేలు పెట్టి కొలిచి, మర్నాడు పొద్దున్నే ఆ కాగితం తెచ్చి చూపించింది. ఆ మొహంలో వెలుగు నాకు ఇంకా గుర్తుంది.

పలుచని గాజు స్లైడుకి ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ వస్తోంది. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందా?

లేదు, లేజర్ కాబట్టే అలా. స్లైడుకి రెండు తలాలు. బల్బు కాంతికైతే రెండింటిదీ కలిపి 8 శాతానికి దగ్గరగా వస్తుంది. లేజర్ తరంగాలు మాత్రం ఒకదానితో ఒకటి దశ కలిపి ఉంటాయి, కాబట్టి రెండు తలాల నుంచి వచ్చినవి వ్యతికరణం చెందుతాయి, అంటే ఒకదాన్నొకటి పెంచుకుంటాయి లేదా చెరిపేసుకుంటాయి. మందాన్ని బట్టి సున్నా నుంచి దాదాపు 15 శాతం వరకూ ఎంతైనా రావచ్చు. అత్యల్పం నుంచి అత్యధికానికి వెళ్లడానికి గాజు మందం 105 నానోమీటర్లు మారితే చాలు. ఒక మిల్లీమీటర్ స్లైడు మందాన్ని అంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కాబట్టి రిపోర్టులో ఒకే అంకె ఇవ్వకండి. మందాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ గ్రాఫు గీసి ఇవ్వండి.

ధ్రువణం పట్టించుకోకపోతే ఏమవుతుంది?

లంబంగా పడితే ఏమీ కాదు. కోణంలో పడితే చాలా అవుతుంది. 45 డిగ్రీల దగ్గర గాజు మీద పతన తలానికి లంబమైన ధ్రువణానికి 9 శాతం వెనక్కి వస్తుంది, సమాంతరమైన దానికి ఒక్క శాతం కూడా రాదు. 56.3 డిగ్రీల దగ్గర సమాంతర ధ్రువణం పూర్తిగా సున్నా, అదే బ్రూస్టర్ కోణం. మీ పాయింటర్‌ని దాని అక్షం చుట్టూ తిప్పుతూ గాజు మీంచి వచ్చే చుక్కను చూడండి. వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటే మీ లేజర్ ధ్రువితం. సిమ్యులేషన్‌లో మూలానికి ఏ దిశ ఇచ్చారో తప్పకుండా రాసి పెట్టుకోండి.

అల్యూమినియం పెట్టాను, పరావర్తనం 100 శాతం దాటింది!

లోహానికి వక్రీభవన గుణకంతో పాటు శోషణను చెప్పే కల్పిత భాగం ఉంటుంది. 633 నానోమీటర్ల దగ్గర అల్యూమినియానికి నిజ భాగం 1.4 కి కాస్త తక్కువ, కల్పిత భాగం 7.6 దగ్గర. ఈ రెండింటితో లెక్క వేస్తే 91 శాతం వస్తుంది. ఆ కల్పిత భాగం గుర్తు దగ్గరే చిక్కు. కాలంతో తరంగం మారే తీరును కొన్ని ప్రోగ్రాములు ప్లస్ గుర్తుతో, కొన్ని మైనస్‌తో రాస్తాయి. మీరు ఒకదాని పుస్తకంలోంచి తీసి ఇంకోదాంట్లో వేస్తే, లోహం కాంతిని మింగాల్సింది పోయి కాంతిని పుట్టిస్తుంది. 100 దాటిందంటే దాదాపు ఎప్పుడూ ఇదే కారణం.

మీప్ లాంటి ఎఫ్‌డీటీడీలో ఇంకో సంగతి. అక్కడ లోహానికి ఒక అంకె ఇచ్చి వదిలేస్తే లెక్క పేలిపోతుంది. తరంగదైర్ఘ్యంతో మారే మోడల్ ఇవ్వాలి. మీప్‌తో వచ్చే పదార్థాల లైబ్రరీలో బంగారం, వెండి, అల్యూమినియం సిద్ధంగా ఉన్నాయి, అవే వాడండి.

తరంగదైర్ఘ్యం మార్చినప్పుడు ఆ అంకెలు కూడా మార్చాలని మర్చిపోవద్దు. బంగారం ఎర్ర లేజర్‌ని 94 శాతం దాకా వెనక్కి పంపుతుంది. నీలం దగ్గరికి వచ్చేసరికి సగం కూడా పంపదు. బంగారం పసుపుగా కనిపించేది అందుకే.

స్టీలు ప్లేటు మీద చుక్క పడాల్సిన చోట పొడుగు గీత వస్తోంది. మోడల్‌లో ఎలా పెట్టాలి?

ఈ ప్రశ్నకు నా సొంత అనుభవమే జవాబు. చాలా ఏళ్ల క్రితం ఒక సంస్థ కోసం స్టీలు రేకుల దూరాన్ని లేజర్‌తో కొలిచే సెన్సర్‌కి సిమ్యులేషన్ చేశాను. ఉపరితలానికి అన్ని దిశల్లో ఒకేలా చెదిరే మోడల్ ఇచ్చాను. కంప్యూటర్‌లో డిటెక్టర్ మీద గుండ్రంగా, ముచ్చటగా చుక్క వచ్చింది. అసలు పరికరంలో డిటెక్టర్‌కి కాంతే చాలలేదు. వాళ్లు రేకు నమూనా కూడా పంపలేదు, నేనూ అడగలేదు. మూడు వారాలు కోడ్‌లో తప్పు వెతికాను.

ఒక మధ్యాహ్నం లంచ్ టైంలో టిఫిన్ డబ్బా మూత తుడుస్తూ, బల్ల మీదున్న పాయింటర్‌ని ఊరికే దాని మీద వేశాను. గోడ మీద చుక్క కాదు, మూరెడు పొడుగు ఎర్రటి గీత. మూతను చేతిలో తిప్పితే గీత కూడా తిరిగింది. మూత మీద సన్నని బ్రష్ గీతలున్నాయి. గీతల వెంబడి ఉపరితలం నున్నగా ఉంది, అడ్డంగా గరుగ్గా ఉంది. అందుకే కాంతి గీతలకు అడ్డదిశలో విసనకర్రలా విచ్చుకుంది. రేకుకి రోలింగ్ గీతలుంటాయి, మా సెన్సర్ ఆ విసనకర్రకి పక్కన కూర్చుంది. సెన్సర్‌ని 90 డిగ్రీలు తిప్పగానే కాంతి అందింది.

కాబట్టి మోడల్‌లో రెండు దిశలకు రెండు వేర్వేరు గరుకుదనాలు ఇవ్వాలి. మీ ప్రోగ్రాంలో దిశతో మారే బీఆర్‌డీఎఫ్ పెట్టే వీలుంటే అది వాడండి. అంటే ఏ కోణంలో వచ్చిన కాంతి ఏ కోణంలోకి ఎంత వెళ్తుందో చెప్పే పట్టిక. లేకపోతే ఉపరితలాన్నే వేల సన్నని గాడులుగా గీసి కిరణాలు వదలండి. రెండోది నెమ్మది, కానీ ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది.

గోడ మీద లేజర్ చుక్కలో కనిపించే గరుకు గరుకు చుక్కలు సిమ్యులేషన్‌లో రావట్లేదు.

వాటిని స్పెకుల్ (speckle) అంటారు. కిరణాలను లెక్కపెట్టే ప్రోగ్రాం కాంతి శక్తిని కూడుతుందే గానీ దశను కూడదు, కాబట్టి స్పెకుల్ రాదు. చాలామంది కిరణాల సంఖ్య తక్కువై వచ్చే గరుకును చూసి "మేడమ్, స్పెకుల్ వచ్చింది" అంటారు. అది కాదు. ఒక పిక్సెల్‌లో వంద కిరణాలు పడితే పది శాతం అటూ ఇటూ అవుతుంది, పదివేలు పడితే ఒక శాతం. కిరణాలు పెంచితే మాయమయ్యేది స్పెకుల్ కాదు.

పైథాన్‌లో అసలు స్పెకుల్ పది నిమిషాల పని. ఒక్కో వైపు 1024 గడులున్న చదరపు పట్టిక తీసుకోండి. మధ్యలో 256 గడుల వ్యాసంతో వృత్తం గీయండి. వృత్తం లోపల ప్రతి గడికీ ఒకే పరిమాణం, కానీ యాదృచ్ఛికమైన దశ ఇవ్వండి. బయట సున్నా. ఫోరియర్ పరివర్తన చేసి పరిమాణాన్ని వర్గం చేయండి. తెర మీద నాలుగేసి పిక్సెళ్ల గింజలు పరుచుకుంటాయి. సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే మొత్తం తీవ్రతకు సగటు, ప్రామాణిక విచలనం లెక్కించండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి.

నిజమైన తెర మీద గింజ పరిమాణం కావాలంటే తరంగదైర్ఘ్యాన్ని దూరంతో గుణించి వెలిగే మచ్చ వ్యాసంతో భాగించండి. ఎర్ర లేజర్, మీటరు దూరం, 2 మిల్లీమీటర్ల మచ్చ అయితే 0.3 మిల్లీమీటర్లు. గోడ మీద కంటికి కనిపించే గింజలు మాత్రం మీ కంటి లోపల రెటీనా మీదే తయారవుతున్నాయి. తల అటూ ఇటూ కదిపి చూడండి. హ్రస్వదృష్టి ఉన్నవాళ్లు కళ్లజోడు తీసేస్తే అవి తలకు ఎదురు దిశలో జరుగుతాయి.

ఎఫ్‌డీటీడీలో నా ప్లేటు మొత్తం పెట్టవచ్చా?

లెక్క వేసి మీరే చెప్పండి. 10 మైక్రోమీటర్ల భుజమున్న ఘనం, 20 నానోమీటర్ల గడులు. ఒక్కో వైపు 500, మొత్తం 12.5 కోట్ల గడులు. ఒక్కో గడికి విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు కలిపి ఆరు సంఖ్యలు, ఒక్కో సంఖ్యకు 8 బైట్లు. 6 గిగాబైట్లు అక్కడే అయిపోయాయి. ఒక మిల్లీమీటర్ చదరపు ప్లేటు అయితే ఒక్క పొరకే 250 కోట్ల గడులు. అందుకే చిన్న ముక్కను మాత్రమే ఎఫ్‌డీటీడీలో లెక్కించి, అది ఏ కోణంలోకి ఎంత చెదరగొడుతుందో పట్టిక తీసి, ఆ పట్టికను కిరణాల ప్రోగ్రాంకి ఇస్తారు. మొదట రెండు కొలతల్లో చేసి, అర్థమయ్యాకే మూడు కొలతల్లోకి వెళ్లండి.

మరో రెండు సంగతులు. పరావర్తనం కొలవాలంటే లెక్క రెండుసార్లు నడపాలి: ముందు ఉపరితలం లేకుండా ఖాళీగా, తర్వాత ఉపరితలంతో. మొదటిదాన్ని రెండోదాంట్లోంచి తీసేస్తేనే తిరిగొచ్చిన కాంతి మిగులుతుంది. ఇక అంచుల్లో కాంతిని మింగే పొర ఉండాలి. 1994లో బెరెంజర్ ఇచ్చిన పీఎంఎల్ అది. దాన్ని తరంగదైర్ఘ్యంలో కనీసం సగం మందంగా పెట్టండి. కాంతి దాని మీద రాసుకుంటూ వెళ్లే కోణంలో పడితే అది సరిగా మింగదు, ఆ కాంతి మళ్లీ లోపలికొచ్చి మీ జవాబును పాడుచేస్తుంది.

ల్యాప్‌టాప్ చాలుతుందా? లైసెన్సు లేదు, ఎలా?

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో పైథాన్, రెండు కొలతల మీప్ హాయిగా నడుస్తాయి. మీప్ ఉచితం, విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) ద్వారా పెట్టుకోవచ్చు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ కాపీ మాత్రం వద్దు. అందులో వచ్చిన ఫలితాన్ని ఏ పేపర్‌లోనూ ధైర్యంగా రాసుకోలేరు. కాలేజీ లైసెన్సు ఉందేమో ముందు మీ డిపార్ట్‌మెంట్‌లో అడగండి. చాలాసార్లు ఉంటుంది, పిల్లలకే తెలియదు.

త్రీడీ బొమ్మలు గీసే బ్లెండర్‌లో చేస్తే కుదరదా? చూడ్డానికి బాగుంటుంది.

ప్రజెంటేషన్‌కి బొమ్మ కావాలంటే చేయండి. అందులో కిరణాలకు దశ లేదు, కాబట్టి వాటి మధ్య వ్యతికరణం రాదు, స్పెకుల్ రాదు. అంకెలు దాంట్లోంచి తీసుకోకండి.

లేజర్‌ని సమాంతర కిరణంగా తీసుకోవచ్చా?

దగ్గర దూరాలకు తీసుకోవచ్చు. అర మిల్లీమీటర్ వ్యాసార్థమున్న ఎర్ర గాసియన్ పుంజం 1.24 మీటర్ల దాకా పెద్దగా విచ్చుకోదు. పది మీటర్లకు మాత్రం వ్యాసార్థం 4 మిల్లీమీటర్లవుతుంది. అద్దం వంపు కూడా చూసుకోండి: అద్దం 0.1 డిగ్రీ తిరిగితే ఐదు మీటర్ల దూరంలో చుక్క ఒకటిన్నర సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది.

పత్తర్‌గట్టీ ముత్యాల మీద ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నా. కుదురుతుందా?

తప్పకుండా. నాకు ఈ ఆలోచన ఎంతో నచ్చింది. ముత్యం పైపొర సుమారు అర మైక్రోమీటర్ మందమున్న ఆరగోనైట్ పలకలతో, వాటి మధ్య పలుచని సేంద్రియ పొరతో ఇటుక గోడలా పేర్చి ఉంటుంది. ఆ మందం కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గర కాబట్టి పొరల నుంచి వచ్చే కాంతి వ్యతికరణం చెందుతుంది. ముత్యాన్ని తిప్పితే రంగు ఛాయ మారేది అందుకే. మొదట ట్రాన్స్‌ఫర్ మ్యాట్రిక్స్‌లో ఇరవై పొరలు పెట్టి కోణం మారుస్తూ చూడండి. తర్వాత ప్రతి పొర మందాన్నీ కొంచెం కొంచెం అటూ ఇటూ చేయండి, ఎందుకంటే ఆల్చిప్ప స్కేలు పెట్టి కట్టదు. మందాలు ఒకేలా ఉన్నప్పుడు నిటారుగా లేచిన శిఖరాలు మెత్తబడి, ముత్యానికి ఉండే ఆ మృదువైన నిగారింపు వైపు గ్రాఫు వంగుతుంది.

లుంబినీ పార్కు దగ్గర నీటి తెర మీద లేజర్ షో చూశాను. అది కూడా ఉపరితల పరావర్తనమేనా?

కాదు, అది నీటి తుంపర్లు చెదరగొట్టే కాంతి. తుంపర్లు కాంతిని ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి, అందుకే నీటి తెర ప్రదర్శనల్లో సాధారణంగా ప్రొజెక్టర్‌ని తెర వెనక పెట్టి, జనాన్ని ఎదురుగా కూర్చోబెడతారు. దానికి వాడే సిద్ధాంతం వేరు, గుస్తావ్ మీ (Mie) అనే శాస్త్రవేత్త పేరుతో ఉన్నది.

ప్రయోగం ఇంట్లో చేసుకోవచ్చా?

ఒక మిల్లీవాట్ లోపు, క్లాస్ 2 పాయింటర్ అయితే, కంట్లోకి సూటిగా చూడకుండా, అద్దం కిరణం ఎవరి మొహం వైపూ వెళ్లకుండా చేసుకోవచ్చు. పైన చెప్పిన బాత్రూం అద్దం, టిఫిన్ మూత పరీక్షలు దానితోనే చేయండి. చవక పచ్చ పాయింటర్లు వద్దు. వాటిలో 532 నానోమీటర్ల పచ్చ కాంతి 1064 నానోమీటర్ల పరారుణ కాంతి నుంచి తయారవుతుంది. లోపల ఫిల్టర్ లేకపోతే కంటికి కనిపించని ఆ కాంతి కూడా బయటికి వచ్చేస్తుంది. అర వాట్ దాటిన క్లాస్ 4 లేజర్లకైతే తెల్ల గోడ మీద చెదిరిన కాంతి కూడా కంటికి ప్రమాదమే. వాటి దగ్గరికి లేజర్ రక్షణ కళ్లద్దాలు లేకుండా, పెద్దవాళ్లు పక్కన లేకుండా వెళ్లకండి. దయచేసి ఈ ఒక్క మాట వినండి.

సిమ్యులేషన్, ప్రయోగం కలవట్లేదు. వైవా వచ్చే వారమే. ఏం చేయాలి?

ముందు భయపడకండి. ఒక వారం చాలు. మొదట ఉపరితలాన్ని చేతిలోకి తీసుకుని పాయింటర్‌తో చూడండి: చుక్కా, గీతా, మసక వెలుగా? మీ మోడల్ కూడా అదే ఆకారం ఇస్తోందా? ఆకారమే కలవకపోతే తప్పు ఉపరితలం మోడల్‌లో ఉంది, అంకెల జోలికి పోవద్దు. ఆకారం కలిసి అంకెలు కలవకపోతే పదార్థం గుణకం, తరంగదైర్ఘ్యం, ధ్రువణం దిశ వరసగా చూడండి. ఆ తర్వాత గడుల సైజును సగం చేసి, లేదా కిరణాలను నాలుగు రెట్లు చేసి మళ్లీ నడపండి. జవాబు మారిందంటే పాత జవాబు నమ్మదగింది కాదు.

అప్పటికీ కలవకపోతే ప్లేటు మీద వేలిముద్రలున్నాయేమో చూడండి. మా ల్యాబ్‌లో కిందటి మార్చిలో ఇద్దరు అబ్బాయిలు నాలుగు రోజులు తల కొట్టుకున్నారు. ప్లేటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూది కాకుండా లెన్స్ కాగితంతో ఒకే దిశలో తుడిపించి మళ్లీ కొలిపించాను. 84 దగ్గర ఆగిపోయిన మీటరు 90కి లేచింది.